పరిచయం నుంచి ముద్రకు: ముస్లిం అనుకూల పర్యాటక విపణిలో నమ్మకం

వ్యాససంగ్రహం: విహారానికో, వ్యాపారానికో, వైద్యానికో ప్రయాణించే ముస్లింల ఆచార అవసరాలను దృష్టిలో పెట్టుకొని హోటళ్లు, విమానాశ్రయాలు, ప్రభుత్వాలు చేసే ఏర్పాట్లను ‘ముస్లిం అనుకూల పర్యాటకం’ అంటున్నారు. గత పదిహేనేళ్లలో ఇది అంతర్జాతీయ విపణిగా స్థిరపడింది. భోజనం, గది, నమాజు స్థలం ఈ విపణిలో కనిపించే సరుకులు. వాటి వెనుక అసలు అమ్ముడవుతున్నది అపరిచిత స్థలంలో కలగవలసిన నమ్మకమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మలేషియా, జపాన్, ఇండోనేషియా అనుభవాలను పరిశీలించి, వాటి వెలుగులో హైదరాబాదు స్థితిని చర్చిస్తుంది.

కీలకపదాలు: హలాల్, ధ్రువీకరణ, ముసాఫిర్, మజ్‌హబ్, పర్యాటక సూచిక, రుబాత్, హైదరాబాదు

1. ఉపోద్ఘాతం

ఆచారపరుడైన ప్రయాణికుడు పూర్వం తన ఆచారాన్ని తన వెంటే మోసుకొని వెళ్లేవాడు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఎంత పరివారంతో, ఎన్ని ఏర్పాట్లతో ప్రయాణించిందీ ‘కాశీయాత్ర చరిత్ర’ చదివినవారికి తెలిసినదే. సత్రాలు, మఠాలు, సొంత వంటవాళ్లు, దారిలో తమవారి ఇళ్లు: ఈ నాలుగింటి మీదనే నాటి ఆచార ప్రయాణం నడిచింది. ముస్లిం యాత్రికుల స్థితి కూడా ఇంతకు భిన్నం కాదు. వారికి సరాయిలు, ఖాన్కాలు, దర్గాల లంగర్లు ఉండేవి. హజ్ మార్గంలో రుబాత్‌లు ఉండేవి. హైదరాబాదు నిజాముల పేర మక్కాలో ఏర్పడిన రుబాత్ నేటికీ పనిచేస్తున్నది. పూర్వపు హైదరాబాదు సంస్థాన పరిధిలోని తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర ప్రాంతాల హజ్ యాత్రికులకు అందులో ఉచిత వసతి లభిస్తుంది.

ఈ పాత ఏర్పాట్లన్నింటికీ ఒక సమాన లక్షణం ఉంది. అతిథి, ఆతిథేయి ఒకే ఆచారానికి చెందినవారు. అక్కడి మాంసం ఎలాంటిదని రుబాత్‌లో దిగినవారు అడగనక్కరలేదు. నేటి విపణిలో ఆ సమానత్వం లేదు. క్యోటోలోని హోటల్ యజమాని బౌద్ధుడు కావచ్చు, అతని వంటవాడికి ‘జబీహా’ అనే మాటే తెలియకపోవచ్చు. అక్కడికి జకార్తా నుంచి వచ్చిన కుటుంబం ఎదుటి పళ్లెంలోని దాన్ని ఏ ఆధారంతో నమ్మాలి? ముస్లిం అనుకూల పర్యాటక చరిత్రను ఈ ప్రశ్నకు వెతికిన సమాధానాల చరిత్రగా చదవవచ్చునని ఈ వ్యాసకర్త భావన.

2. నిర్వచనంలోని చిక్కు

హజ్, ఉమ్రా, జియారత్ వంటి ధార్మిక యాత్రలలో గమ్యమే ధార్మికం. ముస్లిం అనుకూల పర్యాటకంలో గమ్యం ఏదైనా కావచ్చు. ప్రయాణికుడి దినచర్య మాత్రమే ధార్మికం. ఈ భేదాన్ని గుర్తించని పరిశోధనలు రెండింటి గణాంకాలను కలిపివేస్తున్నాయి. ఇక ‘హలాల్ పర్యాటకం’ అనే మాట కొంత కఠినమైన అర్థంలో ప్రచారంలోకి వచ్చింది. తుర్కియేలోని దిదిమ్ తీరంలో 1996లో ప్రారంభమైన కప్రిస్ హోటల్ దీనికి తొలి ఉదాహరణల్లో ఒకటి. మద్యం లేకపోవడం, స్త్రీ పురుషులకు వేర్వేరు ఈత కొలనులు, వేర్వేరు తీర భాగాలు ఆ హోటల్ ప్రత్యేకతలు. అది ఒక పూర్తి ప్రత్యేక లోకం. ‘ముస్లిం అనుకూల’ అన్న పదబంధం అంత కోరదు. అందరూ దిగే హోటల్‌లోనే ముస్లిం అతిథికి ఇబ్బంది కలగకుండా చూడడం దాని పరిధి. ముస్లిమేతర దేశాలు రెండవ పదాన్నే ఇష్టపడడానికి కారణం ఇదే.

ఈ అవసరాలను క్రమబద్ధంగా వర్గీకరించింది సింగపూర్ కేంద్రంగా 2008లో మొదలైన క్రెసెంట్‌రేటింగ్ సంస్థ. హలాల్ ఆహారం, నమాజు వసతి, నీటి సౌకర్యం గల శౌచాలయాలు, రంజాన్ మాసపు ఏర్పాట్లు, ఏకాంతం గల వినోద స్థలాలు మొదలైనవాటిని అది తప్పనిసరి, ఉంటే మంచిది, అదనపు సౌఖ్యం అనే స్థాయులుగా విభజించింది. ఆ తరువాతి కాలంలో ముస్లిం ద్వేషం లేకపోవడాన్ని కూడా తప్పనిసరి అవసరాల్లో చేర్చింది. ఇది చిన్న చేర్పుగా కనిపించినా దీని ప్రాధాన్యం తక్కువది కాదు. భోజనాన్నీ గదినీ హోటల్ సమకూర్చగలదు. వీధిలో హిజాబ్ వైపు పడే చూపును ఏ హోటలూ సమకూర్చలేదు.

ఇస్లామీయ ధర్మశాస్త్రం ప్రయాణాన్ని స్వభావతః కష్టంగానే గుర్తించిందన్న సంగతి ఈ వర్గీకరణలో మరుగున పడింది. ముసాఫిర్‌కు నాలుగు రకాతుల నమాజును రెండుగా కుదించుకునే వెసులుబాటు ఉంది. ఉపవాసాన్ని తరువాతి రోజులకు వాయిదా వేసుకోవచ్చు. అంటే మతం సడలించిన చోట విపణి సంపూర్ణతను వాగ్దానం చేస్తున్నది. సహరీ, ఇఫ్తార్ ఏర్పాట్లతో రంజాన్ విహారాలను ప్రచారం చేయడం ఇందుకు నిదర్శనం.

మరొక విషయం. ‘ముస్లిం ప్రయాణికుడు’ అన్నది ఏకరూప వర్గం కాదు. మలేషియా, ఇండోనేషియాలలో షాఫియీ మజ్‌హబ్ ప్రధానం. తెలుగు రాష్ట్రాల ముస్లింలలో అత్యధికులు హనఫీలు. ప్రయాణంలో జుహర్, అసర్ నమాజులను ఒకే వేళ కలిపి చేసుకోవడానికి షాఫియీలకు అనుమతి ఉంది. హనఫీ సంప్రదాయం హజ్ సందర్భంలో తప్ప దాన్ని అంగీకరించదు. సముద్ర జీవులన్నీ షాఫియీలకు హలాలే. హనఫీలకు చేప మాత్రమే నిస్సందేహం. పీత, స్క్విడ్ వంటివి కూడవు, రొయ్య విషయంలో అభిప్రాయభేదం ఉంది. కనుక ఒకే జపనీయ భోజనశాల కౌలాలంపూర్ యాత్రికుడికి అనుకూలంగానూ హైదరాబాదు యాత్రికుడికి అనుమానాస్పదంగానూ ఉండవచ్చు. ప్రపంచ ప్రమాణాలు ఈ భేదాన్ని దాదాపు పట్టించుకోవు.

3. అంకెలు, వాటి పరిమితులు

మాస్టర్‌కార్డ్, క్రెసెంట్‌రేటింగ్ సంయుక్తంగా 2015 నుంచి ప్రకటిస్తున్న ప్రపంచ ముస్లిం ప్రయాణ సూచిక ఈ రంగంలో ప్రధాన ఆధారం. దాని ప్రకారం 2014లో అంతర్జాతీయ ముస్లిం పర్యాటకుల సంఖ్య 10.8 కోట్లు. 2019 నాటికి అది 16 కోట్లకు చేరి, కోవిడ్ కారణంగా 2020లో 4.2 కోట్లకు పడిపోయి, 2024లో 17.6 కోట్లకు పెరిగింది. 2030 నాటికి 24.5 కోట్లకు చేరుతుందని అంచనా. జనసంఖ్య, వయసు ఈ పెరుగుదలకు మూలకారణాలు. ప్యూ పరిశోధన కేంద్రం లెక్కల్లో 2010లో 160 కోట్లున్న ప్రపంచ ముస్లిం జనాభా 2020 నాటికి 200 కోట్లయింది. 2010లో వారి మధ్యస్థ వయసు 23 సంవత్సరాలు. చదువుకున్న యువ మధ్యతరగతి, చవక విమానాలు, చేతిలో ఫోను: మిగిలిన కథ ఊహించదగినదే.

ఈ అంకెలను పరిశోధకులు యథాతథంగా ఉదహరించడం మాత్రం సమంజసం కాదు. దేశ ప్రవేశ పత్రాలలో సాధారణంగా మతం నమోదు కాదు. కనుక ఇవి లెక్కించిన సంఖ్యలు కావు, అంచనాలు. పైగా సూచికను రూపొందించే సంస్థే హోటళ్లకు రేటింగు, శిక్షణ, సలహా సేవలను విక్రయిస్తుంది. కొలిచేవారే అమ్మేవారు కూడా అయినప్పుడు కొలమానాన్ని పరీక్షించడం విద్యారంగం బాధ్యత. 2019 సూచికలో చేరుకునే సౌలభ్యానికి 10, సమాచార ప్రసారానికి 20, పరిసరాలకు 30, సేవలకు 40 శాతం చొప్పున బరువు ఇచ్చారు. ఈ పంపకం ప్రకృతి నియమం కాదు, ఒక ఎంపిక. బరువులు మారిస్తే వరసలూ మారవచ్చు.

4. మలేషియా: రాజ్యం వేసే ముద్ర

2015 నుంచి ఈ సూచికలో మలేషియా అగ్రస్థానాన్ని వదలలేదు. కొన్ని సంవత్సరాలలో ఇండోనేషియాతో పంచుకున్నది. 2001 సెప్టెంబరు దాడుల తరువాత అమెరికా, ఐరోపాలలో అనుమానపు చూపులను, వీసా చిక్కులను తప్పించుకోదలచిన అరబ్ కుటుంబాలు ఆగ్నేయాసియా వైపు తిరగడం మలేషియాకు కలిసివచ్చింది. కాని ఆ అవకాశాన్ని వ్యవస్థగా మార్చింది ప్రభుత్వమే. పర్యాటక శాఖ కింద 2009లో ఇస్లామిక్ పర్యాటక కేంద్రం ఏర్పడింది. ఆహారానికి ఎంఎస్ 1500 అనే జాతీయ హలాల్ ప్రమాణం అప్పటికే ఉంది. వసతి గృహాలు, ప్రయాణ ప్యాకేజీలు, మార్గదర్శకులకు వర్తించే ఎంఎస్ 2610 ప్రమాణం 2015లో వచ్చింది. ధ్రువీకరణ ముద్రను ఇచ్చేది జాకిం అనే ప్రభుత్వ ఇస్లామిక్ అభివృద్ధి శాఖ.

ఇక్కడ నమ్మకానికి మూలం వంటవాడి మతమో, యజమాని మాటో కాదు, రాజ్యం. చైనీయ యజమాని నడిపే హోటల్‌లో కూడా జాకిం ముద్ర ఉంటే మలయ్ కుటుంబం నిశ్చింతగా కూర్చుంటుంది. అపరిచితుల మధ్య లావాదేవీని సాధ్యం చేసిన ఈ ముద్ర గొప్ప సౌకర్యమే. అయితే ముద్రకు అలవాటు పడినవారికి ముద్ర లేనిదంతా అనుమానమే. పంది మాంసం ఏనాడూ వండని చిన్న ఫలహారశాల కేవలం దరఖాస్తు ఖర్చు భరించలేక జాబితా బయట మిగిలిపోవచ్చు. ధ్రువీకరణ లేకపోవడానికీ హలాల్ కాకపోవడానికీ మధ్య గల దూరం అలా చెరిగిపోతుంది.

5. జపాన్: చెప్పడమే ధ్రువీకరణ

జపాన్ ఉదాహరణ మరింత ఆసక్తికరం. 2013 జూలైలో మలేషియా పర్యాటకులకు వీసా అవసరం తొలగించడంతో అక్కడికి ముస్లింల రాక పెరిగింది. 2012లో సుమారు 1.3 లక్షలుగా ఉన్న మలేషియా సందర్శకులు 2019లో 5 లక్షలకు చేరారు. ఇండోనేషియా నుంచి వచ్చేవారు దాదాపు లక్ష నుంచి 4 లక్షలు దాటారు. వీరందరూ ముస్లింలు కారన్నది వేరే సంగతి. జపాన్‌లో రాజ్యాంగం మతాన్నీ రాజ్యాన్నీ వేరు చేసింది. ప్రభుత్వ హలాల్ సంస్థ లేదు. అనేక ప్రైవేటు సంస్థలు వేర్వేరు ప్రమాణాలతో ముద్రలు ఇస్తాయి.

పైకి చేపల దేశంగా కనిపించే జపాన్‌లో వంట లోపలి సమస్యలు సూక్ష్మమైనవి. మిరిన్ అనే తీపి వంట ద్రవంలో మద్యాంశం ఉంటుంది. సహజంగా పులియబెట్టిన సోయా రసంలోనూ స్వల్పంగా ఉంటుంది. రామెన్ పులుసులో పంది ఎముకల సారం సాధారణం. ఇవన్నీ పూర్తిగా తొలగిస్తే అది జపనీయ వంటగా మిగలదని వంటవాళ్ల వాదన. అది నిర్హేతుకమైనదేమీ కాదు.

దీనికి అక్కడ దొరికిన పరిష్కారం ముద్ర కన్నా సమాచారం వైపు మొగ్గింది. ‘మా వద్ద పంది మాంసం లేదు’, ‘మాంసం హలాల్, సోయా రసం మామూలుది’, ‘వంటగది వేరు కాదు, గిన్నెలు వేరు’ అని భోజనశాల బాహాటంగా చెబుతుంది. తినడమా మానడమా అన్నది అతిథి నిర్ణయం. జపాన్ పర్యాటక సంస్థ 2018లో వెలువరించిన కార్యాచరణ పత్రం కూడా ఇటువంటి సమాచార ప్రకటనను ప్రోత్సహించింది. మలేషియా పద్ధతిలో తీర్పు రాజ్యానిది, జపాన్ పద్ధతిలో తీర్పు భక్తుడిది. ఫిఖ్ దృష్ట్యా చూస్తే, మజ్‌హబ్ భేదాలకు చోటు ఇవ్వగలిగినది రెండవదే. పీత ఉన్నదని చెబితే చాలు. హనఫీ తప్పుకుంటాడు, షాఫియీ తింటాడు. అన్నట్టు, నీటి సౌకర్యం గల శౌచాలయం విషయంలో ఐరోపా హోటళ్లు తంటాలు పడుతుండగా జపాన్‌కు ఆ చింతే లేదు. అక్కడి నీటి ధార గల ఆధునిక శౌచాలయాలు ఏ మత ఉద్దేశమూ లేకుండానే ముస్లిం అవసరాన్ని తీరుస్తున్నాయి.

6. లోంబోక్, తోబా: స్థలానికి ముద్ర వేసినప్పుడు

పళ్లేనికి, హోటల్‌కు వేసిన ముద్రను ఒక దీవికో సరస్సుకో వేస్తే ఏమవుతుందో ఇండోనేషియాలో చూడవచ్చు. బాలి పక్కనే ఉన్న లోంబోక్ దీవికి 2015లో అబూధాబీలో జరిగిన ప్రపంచ హలాల్ ప్రయాణ పురస్కారాల్లో ఉత్తమ హలాల్ గమ్యంగా గుర్తింపు దక్కింది. మసీదుల దీవిగా అప్పటికే పేరున్న లోంబోక్‌కు ఆ బిరుదు సహజంగా అమరింది. దేశంలో 2014 నాటి 33వ నంబరు చట్టం హలాల్ ధ్రువీకరణను దశలవారీగా తప్పనిసరి చేసే దారి వేసింది.

అదే సూత్రాన్ని ఉత్తర సుమత్రాలోని తోబా సరస్సుకు వర్తింపజేయాలన్న ఆలోచన 2019లో బయటపడినప్పుడు స్థానిక బతక్ క్రైస్తవులు తీవ్రంగా నిరసించారు. వారి విందులలో, వేడుకలలో పంది మాంసానికి ముఖ్యస్థానం ఉంది. అతిథి సౌకర్యం పేరుతో ఆతిథేయి ఆచారాన్ని దాచమనడం ఎంతవరకు న్యాయం? బతక్‌ల ప్రశ్న కేవలం తిండికి సంబంధించినది కాదు, ఆ స్థలం ఎవరిది అన్నదానికి సంబంధించినది. ముస్లిం ప్రయాణికుడికి అదనంగా ఒక భోజనశాల పెట్టడానికీ, ప్రాంతాన్నంతా హలాల్‌గా ప్రకటించడానికీ మధ్య గీత ఎక్కడుందో పర్యాటక ప్రణాళికలు స్పష్టంగా గీయలేదు. ‘అనుకూల’ అనే పదం సార్థకమయ్యేది ఆ గీత లోపల ఉన్నప్పుడే.

7. హైదరాబాదు: పరిచయం మీద నడిచే నగరం

సూచికలు కోరే వనరులలో అనేకం హైదరాబాదుకు వారసత్వంగా వచ్చాయి. 1591 నాటి చార్మినార్, 1694లో పూర్తయిన మక్కా మసీదు, 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హలీం, నిజాం సైన్యంలోని హద్రమీ అరబ్బుల వారసులు నివసించే బార్కస్, అడుగడుగునా అజాన్, నీళ్లున్న శౌచాలయాలు: ఇవేవీ పర్యాటకుల కోసం ఏర్పడినవి కావు. యెమెన్, ఒమన్, సూడాన్, సోమాలియా, ఇరాక్ వంటి దేశాల నుంచి రోగులు ఇక్కడి ఆసుపత్రులకు రావడం వెనుక వైద్యఖర్చు, నైపుణ్యాలతో పాటు ఈ పరిసరాల పాత్ర ఎంత అన్నది పరిశోధించదగిన విషయం.

పాతబస్తీ భోజనశాలలో మాంసం హలాలా అని స్థానికుడు అడగడు. కసాయి ఎవరో, దుకాణం ఎవరిదో ఆ పేటకు తెలుసు. హోటల్ గోడ మీది ‘హలాల్’ బోర్డు చాలా చోట్ల యజమాని స్వయంగా రాయించుకున్నదే. ఇది పరిచయం మీద నిలిచిన నమ్మకం. రుబాత్ కాలపు నమ్మకానికి దగ్గరి చుట్టం. కాని జాకిం ముద్రకు అలవాటు పడిన మలయ్ పర్యాటకుడికి ఆ బోర్డు ధ్రువపత్రం కాదు. ముస్లిం జీవనం ఇంత దట్టంగా ఉన్న నగరం అతని జాబితాలో ‘ధ్రువీకరణ లేనిది’గా నమోదు కావచ్చు. లోపం నగరానిదా, జాబితాదా అన్నది తేల్చవలసి ఉంది.

ముద్రల విషయంలో మన దేశపు స్థితి విచిత్రమైనది. శాకాహారానికి ఆకుపచ్చ గుర్తు, మాంసాహారానికి గోధుమరంగు గుర్తు చట్టం ప్రకారం తప్పనిసరి. ఆహార నియమం రాజ్యముద్రగా మారడానికి అంతకంటే మంచి ఉదాహరణ లేదు. హలాల్ ముద్ర మాత్రం ప్రైవేటు సంస్థల చేతుల్లో పెరిగింది. మాంసం ఎగుమతులకు హలాల్ ధ్రువీకరణ విధానాన్ని విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ 2023లో ప్రకటించింది. అదే ఏడాది నవంబరులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఎగుమతులను మినహాయించి హలాల్ ధ్రువీకృత ఉత్పత్తుల అమ్మకాన్ని నిషేధించింది. ఒకే గుర్తు ఓడరేవు దగ్గర అర్హత, ఊరిలో నేరం. విదేశీ ముస్లిం పర్యాటకుడిని ఆహ్వానించదలచిన ఏ రాష్ట్రమైనా ఈ వైరుద్ధ్యాన్ని దాటవేయలేదు.

మహిళల సంగతి మరింత సూటిది. 2018లో సుమారు 6.3 కోట్ల ముస్లిం మహిళలు అంతర్జాతీయ ప్రయాణాలు చేశారని క్రెసెంట్‌రేటింగ్ అంచనా. మలేషియాలో అంగళ్ల సముదాయాలలోని సురావ్‌లలో కూడా స్త్రీలకు వేరు భాగం, నమాజు వస్త్రాలు సిద్ధంగా ఉంటాయి. హైదరాబాదులో మసీదులకు కొదవ లేదు గాని, చాలా మసీదులలో స్త్రీలు నమాజు చేసుకునే ఏర్పాటు లేదు. చార్మినార్ చూడవచ్చిన ఇండోనేషియా యువతి అజాన్ వింటుంది, వజూకు నీళ్లు కనబడతాయి, నిలబడడానికి చోటు మాత్రం వెతుక్కోవాలి. ఈ కొరత ముస్లిమేతరులు సృష్టించినది కాదన్నది గమనార్హం.

తెలుగు నేల మీద ఈ సూచికల చట్రానికి బొత్తిగా లొంగని స్థలాలూ ఉన్నాయి. నెల్లూరు స్వర్ణాల చెరువు వద్ద బారాషహీద్ దర్గాలో మొహర్రం వేళ జరిగే రొట్టెల పండుగలో కోరిక తీరినవారు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవారు పుచ్చుకుంటారు; ఇచ్చేవారి మతం పుచ్చుకునేవారు అడగరు. కడప అమీన్‌పీర్ దర్గాకు వచ్చే భక్తులదీ ఇదే తీరు. ముస్లిం వారసత్వ స్థలంగా లెక్కించే ఈ చోట్లకు చేరేవారిలో హిందువులు అసంఖ్యాకులు. ఇక్కడ ఎవరు ఎవరికి అనుకూలం?

బయటికి వెళ్లే ప్రవాహం వేరే కథ. హైదరాబాదుకు తోడు 2023లో విజయవాడ కూడా హజ్ ప్రయాణ ప్రారంభ కేంద్రమైంది. సౌదీ అరేబియా 2019 సెప్టెంబరులో పర్యాటక ఈ-వీసాలు ప్రవేశపెట్టి, తరువాత ఏ వీసా మీద వచ్చినవారికైనా ఉమ్రా అనుమతించడంతో ధార్మిక యాత్రకూ విహారానికీ మధ్య గోడ పలచబడింది. ఉమ్రాతో దుబాయినో ఇస్తాంబుల్‌నో కలిపి అమ్మే ప్యాకేజీలు ఆ పలచదనానికి గుర్తు. రెండవ విభాగంలో చూపిన భేదాన్ని ఈ కుటుంబాలు ఎంతవరకు పాటిస్తున్నాయో ప్రశ్నావళితో తెలుసుకోవచ్చు.

తెలుగులో ఈ రంగంపై క్షేత్రపరిశోధన చేయదలచినవారు ఆసుపత్రుల చుట్టుపక్కల వీధుల నుంచి మొదలుపెట్టడం మేలు. రోగి సహాయకులు నెలల తరబడి ఉండే అద్దె గదులు, అరబ్బీలో రాసిన బోర్డులు, దుబాసీల మధ్యవర్తిత్వం, శుక్రవారం నమాజుకు వాళ్లు ఎంచుకునే మసీదు, వంట సరుకులు కొనే దుకాణం: వీటిని నమోదు చేయాలి. ఆ దుకాణాన్ని మొదటిసారి వారికి ఎవరు చూపించారో కూడా అడగాలి.